గాలిలో కొలిచిన చక్రం

హైవే పక్కన ఉన్న ఆ పెద్ద కార్ల సామాన్ల కొట్టు ముందు ఇప్పుడు ఎవరూ హారన్ కొట్టడం లేదు. మొన్న టీ తాగుదామని దాని ఎదురుగా ఆగాను. నేనున్న కాసేపట్లోనే వెడల్పాటి టైర్ల బళ్ళు రెండు వెళ్ళాయి. ఒక్కటీ కిక్కురుమనలేదు. కొట్టు ఓనరు గుమ్మం బయట కుర్చీ వేసుకుని, కాళ్ళు చాపుకుని, వేరుశనక్కాయలు వలుచుకు తింటున్నాడు. మేస్త్రమ్మ బతికుండగా ఆ మనిషి బయట కుర్చీ వేసి ఎరగడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సగం టీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు 'చీమకైనా అపకారం తలపెట్టని మనిషి' అని మొదలుపెట్టడం రివాజు. మేస్త్రమ్మ గురించి అలా రాస్తే లేచొచ్చి రోకలితో ఒకటిచ్చుకుంటుంది. ఆవిడ పగబట్టిన మనిషి. దాచుకోలేదు, దాని గురించి సిగ్గుపడనూ లేదు. ఈ లోకంలో ఆవిడకి ఇద్దరి మీద పగ. ఒకడు ఆ కొట్టు ఓనరు. రెండోవాణ్ణి నేను. ఇద్దరి విషయంలోనూ న్యాయం ఆవిడ వైపే ఉంది.

ముందు ఆవిడ పని గురించి చెప్పాలి. ఆ కొట్టుకి కేకేస్తే వినబడేంత దూరంలో, కావాలనే, నాలుగు ఇనప గొట్టాలు పాతి రేకులు కప్పి షెడ్డు వేసింది. అందులో ఒక జాకీ, వేడిగాలి ఊదే మిషను, ఒక సున్నం డబ్బా, ఒక రోకలి. మా కుర్రకారుకి వెడల్పు టైర్ల పిచ్చి ఎక్కువ. కారు కొన్నవాడికి ఆ కారుతో వచ్చిన చక్రాలు ఎప్పుడూ నచ్చవు. ఇంకా వెడల్పువి వెయ్యాలి, బండి కొవ్విన కోడెలా కనబడాలి. కానీ చక్రం మీద కప్పినట్టుండే రేకు ఉంటుంది చూశారూ, ఫెండరు, దానికి ఆ సరదా తెలియదు. టైరు వెడల్పయితే గోతిలో పడ్డప్పుడల్లా ఆ రేకు అంచుకి రాసుకుంటుంది. ఒకనాటికి టైరన్నా చీలుతుంది, రేకన్నా చిరుగుతుంది. అలా కాకుండా వెడల్పు చక్రం వెయ్యడం ఈ జిల్లాలో మేస్త్రమ్మకే తెలుసు. అంతకుముందు ఆవిడ మొగుడికి తెలుసు.

ఫెండరు అంచు లోపలికి మడిచి ఉంటుంది. ఆ మడతని పైకి అణిచెయ్యాలి, పైన రంగు మాత్రం పగలకూడదు. ముందు వేడిగాలి కొట్టేది. తరవాత అట్ల పెనం మీద చల్లినట్టు నాలుగు చుక్కలు నీళ్ళు చల్లి చూసేది. సుయ్యిమంటే వేడెక్కువైనట్టు. చుక్క సద్దు లేకుండా పాకి ఆరిపోతే అప్పుడు రోకలి అందుకునేది. చివరి ఇనప పొన్ను ఊడదీసి, పాత సైకిలు ట్యూబు చుట్టిన రోకలి అది. టైరుకీ అంచుకీ మధ్య దాన్ని దూర్చి, ఇద్దరి చేత బండిని జానెడు ముందుకీ జానెడు వెనక్కీ తోయించేది. రోకలి దొర్లుతూ అంచుని నొక్కుకుంటూ పోయేది. "మెల్లగా బాబూ, మెల్లగా. పురిటాల్ని తిప్పినట్టు తిప్పాల," అనేది. ఇంజనీర్లయినా సరే, లెక్చరర్లయినా సరే, ఆవిడ మెల్లగా అంటే మెల్లగా తొయ్యాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యం కొలత. కారు తెచ్చినవాణ్ణి ఆవిడ మొదట అడిగేది టైరు సైజు కాదు. "ఈ బండిలో ఎవలెవలు కూకుంటారు?" అని. పెళ్ళాం, పిల్లలు, అమ్మ అని చెబితే, "అయితే ఎల్లి అందర్నీ తీసుకురా," అనేది. ఖాళీ బండిని కొలిచి ఎరగదు. ఒకసారి ఒక డాక్టరుగారు మొహమాటపడుతూ వాళ్ళ అత్తగార్ని తీసుకొచ్చాడు. పెద్దావిడ పట్టుచీర కట్టుకుని వెనక సీట్లో కూర్చుంటే, మేస్త్రమ్మ టైరు భుజానికి తడిసున్నం పూసి, స్పీడ్ బ్రేకర్ మీద నాలుగుసార్లు నడిపించి, ఎక్కడ సున్నం చెరిగిందో చూసుకుంది. "అమ్మా, నువ్వు కూకోబట్టి నీ అల్లుడి బండి బతికిపోనాది," అంది. పెద్దావిడకి పొగిడినట్టో తిట్టినట్టో తెలియక నవ్వేసింది.

పని అయ్యాక కూలి తీసుకునేది. ఆ పైన ఇంకోటి అడిగేది. "ఎల్లీటప్పుడు ఆ పెద్ద కొట్టు కాడ ఆపి ఒక్కసారి గట్టిగా హారన్ కొట్టాల. ఒప్పుకుంటేనే తాళం ఇస్తాను." ఎందుకని అడిగినవాళ్ళకి చెప్పేది, అడగనివాళ్ళకీ చెప్పేది. బండి వెళ్ళాక రోకలి ఒళ్ళో పెట్టుకుని, చెవి అటు పెట్టి కూర్చునేది. హారన్ వినబడగానే, "అద్గదీ. ఇన్నావేటి రా సచ్చినోడా," అని అటు తిరిగి ఉమ్మేసేది. ఆ కొట్టు పాడుచేసిన బళ్ళే ఎక్కువగా ఆవిడ దగ్గరికి వచ్చేవి కాబట్టి ఆ హారన్ ఎందుకో ఓనరుకి బాగా తెలుసు. మొదట్లో బయటికొచ్చి తిట్టేవాడు. తరవాత బయటికి రావడమే మానేశాడు.

ఇంతకీ ఆ పగ ఎక్కడ పుట్టిందంటే, నా కారు దగ్గర పుట్టింది.

మాది శ్రీకాకుళంలో ఇనప సామాన్ల కొట్టు. పెళ్ళికి ముందు విశాఖలో ఒకాయన దగ్గర పసుప్పచ్చ రంగు, రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఒకటి పాతది కొన్నాను. మా వాళ్ళు దాన్ని నిమ్మకాయ అనేవారు. నేను దాని మీద మాట పడనిచ్చేవాణ్ణి కాదు. పెళ్ళయ్యాక దానికి వెడల్పు చక్రాలు వేయించాలని ఆ పెద్ద కొట్టుకి పట్టుకెళ్ళాను. అప్పట్లో మేస్త్రమ్మ భర్త అక్కడే పని చేసేవాడు. గరివిడివాడు, చిన్నప్పటి నుంచీ రేకు పని తప్ప ఇంకోటి ఎరగడు. మాట తక్కువ. చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డముక్క ఉండేది, దాంతో ముట్టుకున్న చోటల్లా తుడిచేవాడు.

కారుని లిఫ్టు మీద పైకెత్తారు. చక్రాలు గాలిలో వేలాడుతున్నాయి. ఓనరు కొత్త చక్రం పెట్టి, ఫెండరుకీ దానికీ మధ్య వేళ్ళు దూర్చి చూసి, "నాలుగేళ్ళు దూరతన్నాయి. బిగించీ," అన్నాడు.

"గాల్లో కొలిస్తే ఆ కొలత అబద్దం బాబూ," అన్నాడు మేస్త్రి. "బండిని నేల మీదకి దించాల. ఎనకాతల ఇద్దరు మనుసుల్ని ఎక్కించి సూడాల. అప్పుడు సెక్రం పైకొస్తాది, రేకుకి తగుల్తాది."

ఓనరు నా వైపు చూశాడు. మా బావమరదులు ఇద్దరు అప్పటికే భావనపాడు బీచికి వెళ్దామని బయట తొందరపడుతున్నారు. "నాకు ఆలస్యమైపోతంది, కానీండి," అన్నాను నేను. మేస్త్రి ఇంకోసారి నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని చక్రాలు బిగించాడు.

టెక్కలి దాటాక ఒక స్పీడ్ బ్రేకర్. వెనక సీట్లో బావమరదులు, డిక్కీలో కూల్‌డ్రింకుల పెట్టె. బండి ఎక్కి దిగింది, అంతే. పాత గుడ్డ చింపినట్టు చప్పుడైంది. దిగి చూస్తే వెనక ఫెండరు రేకు చిరిగి బయటికి తిరిగి ఉంది, టైరు గోడ మీద అరచెయ్యంత కోత. ఆ వేళ మేము సముద్రం చూడలేదు.

బండిని లాగించుకుని కొట్టుకి తిరిగొచ్చాను. జనం నిండుగా ఉన్నారు. నేను గొంతు చించుకున్నాను. "ఇది ఎవరి తప్పు? ఇప్పుడు చెప్పాలి నాకు," అని. ఓనరు ఏమాత్రం తడుముకోకుండా మేస్త్రిని చూపించాడు. మేస్త్రి నన్ను చూశాడు. ఆయన చెప్పింది నేను విన్నానని ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. నేను చూపు తిప్పుకుని చిరిగిన రేకు వైపు చూశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "అతని నోటితో చెప్పించండి," అన్నాను. ఓనరు, "సెప్పు, ఉద్యోగం కావాలా వొద్దా," అన్నాడు. మేస్త్రి చేతిలో గుడ్డముక్కని నాలుగు మడతలు పెట్టాడు. "తప్పు నాదే బాబూ," అన్నాడు అందరూ వినేలా. ఎవడో వెనక నుంచి, పని రానోళ్ళని పెట్టుకుంటే ఇంతే అన్నాడు. మేస్త్రి మర్నాటి నుంచి పనిలోకి రాలేదు. గరివిడి వెళ్ళిపోయి, మళ్ళీ రేకు ముట్టకుండా, ఆ వచ్చే వానాకాలంలో పోయాడు. గుండె ఆగిందన్నారు. మా ఇంట్లో ఆ కబురు భోజనాల దగ్గర చెప్పుకున్నాం. నేను మజ్జిగ పోసుకుని లేచాను.

మేస్త్రమ్మ షెడ్డు వేసిన సంగతి నేను చాలాకాలానికి గానీ వినలేదు. విన్నాక, ఆవిడ ఎవరో తెలియక, మూల పడేసిన పసుప్పచ్చ కారుని బయటికి తీసి పట్టుకెళ్ళాను. ఆవిడ బండి చుట్టూ తిరగలేదు. తిన్నగా ఆ వెనక ఫెండరు దగ్గరికి వెళ్ళి, పుట్టీ పూసి కప్పెట్టిన చోట అరచెయ్యి ఆనించింది.

"ఈ బండి కత నాకు తెలుసు," అంది. "ఆయన సేత సెప్పించమన్నది నువ్వేనా?"

"నేను కస్టమర్ని అమ్మా. నాకేటి తెలుస్తాది?" అన్నాను. అంతకంటే నీచమైన మాట నేను జీవితంలో అనలేదు.

ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. మా ఇంట్లో అందరం పుష్టిగానే ఉంటాం. నా బరువు ఒక బియ్యం బస్తాకి చాలా ఎక్కువ, రెండు బస్తాలకి కొంచెం తక్కువ. "బండి ఇక్కడెట్టి ఎల్లు, సేస్తాను. కూలి వొద్దు, హారనూ వొద్దు," అంది. "నాకు బరువు కావాల. కబురెట్టినప్పుడల్లా వచ్చి ఎనక సీట్లో కూకో."

ఎందుకు ఒప్పుకున్నానో అప్పుడు తెలియలేదు. పదిహేను రోజులకి ఒకసారైనా కబురు వచ్చేది. కొట్టు మా తమ్ముడికి అప్పజెప్పి వెళ్ళేవాణ్ణి. ఎవరెవరి కార్లలోనో, ఇరుకు సీట్లలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చునేవాణ్ణి. బండి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా తల పైకప్పుకి తగిలేది. నాతో ఆవిడ మాట్లాడేది రెండే మాటలు, "కూకో," "దిగు." ఎవరైనా ఈయనెవరని అడిగితే, "బరువు," అనేది. టీ వస్తే అందరికీ పోసి నన్ను వదిలేసేది. రెండేళ్ళపైన అలా వెళ్ళాను. నా నిమ్మకాయని మాత్రం అద్భుతంగా చేసి ఇచ్చింది. ఇవాళ్టికీ ఎక్కడా గీత పడలేదు. ఎక్కినప్పుడల్లా నాకది గుచ్చుకుంటూనే ఉంటుంది. అలా గుచ్చుకోవాలనే చేసిందని నా నమ్మకం.

ఒకరోజు ఓనరే రావాల్సి వచ్చింది. ఒక కాంట్రాక్టరు కొత్త స్పోర్ట్స్ కారుకి ఆ పెద్ద కొట్టులో వెడల్పు చక్రాలు వేయించాడు. గోతుల్లో రాసుకుంటోంది. కాంట్రాక్టరు మామూలు మనిషి కాదు, రేకు చిరిగితే కొట్టు ఉండదన్నాడట. ఓనరు ముందు తన మనిషి చేత కారు పంపాడు. మేస్త్రమ్మ టైరు చూసి, ఎవరి పనో పోల్చుకుని, "బిగించినోడు రావాల," అని తిప్పి పంపేసింది. సాయంత్రం ఓనరు వచ్చాడు, పక్కన కాంట్రాక్టరు. కబురందుకుని నేనూ వెళ్ళాను. చుట్టుపక్కల మెకానిక్కులు, ఆటోవాళ్ళు పని మానుకుని వచ్చి నిలబడ్డారు.

ఆవిడ వెనక టైర్లకి సున్నం పూసింది. "కూకో," అంది ఓనరుతో. ఆయన నవ్వబోయాడు. కాంట్రాక్టరు, "కూకోవయ్యా," అని కసిరాడు. ఇరుకు సీట్లో ఓనరూ నేనూ భుజాలు రాసుకుంటూ కూర్చున్నాం. కాంట్రాక్టరు మెల్లగా నడిపాడు. స్పీడ్ బ్రేకర్ మీద మా కింద టైరు గర్రుమని మూలిగింది. ఓనరు నా మోచెయ్యి పట్టుకున్నాడు. నేను విదిలించుకున్నాను.

దిగాక ఆవిడ టైరు చూపించింది. రెండు వేళ్ళ మేర సున్నం ఊడిపోయి నల్లగా ఉంది. ఫెండరు అంచుకి తెల్లగా అంటుకుంది.

"సదువు," అంది.

"రాసుకుంటంది," అన్నాడు ఓనరు.

"ఎక్కడ కొలిసేవు? నేల మీదా, గాల్లోనా?"

ఆయన కాంట్రాక్టరు వైపు చూశాడు. "లిఫ్టు మీద కొలిసేను."

"ఆ యాల పసుప్పచ్చ బండిని?"

ఓనరు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆవిడ రోకలి తీసుకెళ్ళి షెడ్డులో మూల పెట్టేసి, చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. కాంట్రాక్టరు ఓనరు చొక్కా పట్టుకున్నాడు. "అడిగిందానికి సెప్పవేటి? నా బండి ఇలగే ఒగ్గెస్తావా?"

"అదీ గాల్లోనే కొలిసేను," అన్నాడు ఓనరు. "తప్పు నాదే. మేస్త్రి నేల మీద కొలవమన్నాడు."

అందరూ విన్నారు. ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుని, వెళ్ళి రోకలి తెచ్చుకుంది. ఆ మొహంలో సంతోషం చూడాలని నేను ఎదురుచూశాను. కనబడలేదు. పని మామూలుగానే చేసింది, చుక్కలు చల్లింది, మెల్లగా అని అరిచింది. నాకు మాత్రం లోపల పండగలా ఉంది. వాడి తల వంగింది, చాలదూ! అందరూ వెళ్ళాక చనువుగా అన్నాను, "నీ పగ తీరిపోనాది కదా మేస్త్రమ్మా."

"ఇద్దరున్నారు," అంది తల ఎత్తకుండా. "ఒకడే సెప్పేడు."

నాకు చురుక్కుమంది. కోపం కూడా వచ్చింది. రెండేళ్ళు బస్తాలా పడున్నాను, ఇంకా ఏం కావాలి ఈవిడకి అనుకుంటూ ఇంటికొచ్చాను. రెండు మాటలు అనడానికి బదులు ఎన్నిసార్లు తల పగలగొట్టుకున్నానో అప్పుడు లెక్కలోకి రాలేదు. తరవాత రెండుసార్లు కబురు వస్తే వెళ్ళలేదు. మూడోది రాలేదు. జబ్బుపడి గరివిడి వెళ్ళిపోయిందన్నారు.

వెళ్ళాను. ఒక్క గది ఇల్లు. మంచం మీద పడుకుని ఉంది. మనిషి సగమైపోయింది. అంత భారీ మొండితనం అంత చిన్న ఒంట్లో ఎలా పట్టిందా అనిపించింది. పక్కన ఎవరూ లేరు. తలుపు దగ్గరగా వేసి, స్టూలు లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించి అన్నాను. "మేస్త్రమ్మా, ఆ యాల ఆయన సెప్పింది నాను విన్నాను. తప్పు నాది."

కళ్ళు తెరిచింది. గది నాలుగు మూలలా చూసింది.

"ఎవలున్నారు ఇక్కడ?"

"ఎవరూ లేరు."

"ఆయన సేత ఎక్కడ సెప్పించేవు?"

"కొట్లో."

"ఎంతమందున్నారు?"

"కొట్టు నిండా."

"మరి నాకు సెవిలో సెప్తావేటి?" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది. స్టూలు ఎక్కడిదక్కడ పెట్టి వచ్చేశాను. నాలుగో రోజున పోయింది.

పోయేముందు క్షమించి ఉంటుందిలే అని మా ఆవిడ ఓదారుస్తుంది. క్షమించలేదు. క్షమించకపోవడమే సరైంది. ఇక వేరుశనక్కాయలు తింటున్న ఆ పెద్దమనిషి సంగతి. ఆ రోజు సున్నం ముందు తను ఆ మాట అననే లేదని, ముసలిదాన్ని ఊరుకోబెట్టడానికి ఏదో గొణిగానని ఇప్పుడు చెప్పుకుంటున్నాడట. అన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. ఒకసారి విన్నది విననట్టు ఊరుకున్నాను, రెండోసారి ఊరుకోను. ఈ కాయితం ఆయన కొట్టు గుమ్మానికి అంటించమన్నా అంటిస్తాను.

ఆ రోజు కొట్టులో ఉన్నవాళ్ళకంటే ఇది చదివేవాళ్ళు ఎక్కువమందే ఉంటారనుకుంటాను. అందరూ వినండి. చక్రం గాలిలో ఉండగా కొలవొద్దని మేస్త్రి చెప్పాడు. నేను విన్నాను. విని తొందరపెట్టాను. విననట్టు నిలబడి, ఆయన నోటితోనే అబద్ధం చెప్పించాను. తప్పు నాది.